తొడ నుంచి కండ, చర్మం రెండూ కలిపి తీసి కాలికి పెడతామంటున్నారు, నిజంగా అవసరమా?

మీ ప్రశ్న మొత్తం చదివానండి. తమ్ముడికి 27 ఏళ్ళు, హైవే మీద బైక్ పడిపోయి లారీ చక్రం ఎడమకాలి మీదుగా పోయింది, చీలమండకి జానెడు పైన ఎముక విరిగి బయటికి కనిపిస్తోంది, మొదటిరోజే కడిగి బయట రాడ్లు బిగించారు, మళ్ళీ ఒకసారి థియేటర్‌కి తీసుకెళ్ళి కడిగారు. ఇప్పుడు ప్లాస్టిక్ సర్జన్ వచ్చి తొడ నుంచి కండ ముక్క ఒకటి, చర్మం ముక్క ఒకటి ఒకే రక్తనాళం మీద తీసి కాలికి పెడతాం, ఎనిమిది పది గంటలు పట్టొచ్చు అన్నారు. ఇంట్లో ఒకరు మామూలుగా చర్మం అతికిస్తే సరిపోదా అంటున్నారు, మీ మేనమామేమో ఇంత కష్టమెందుకు, మోకాలి కింద తీసేసి కృత్రిమ కాలు పెట్టిస్తే తొందరగా నడుస్తాడు కదా అంటున్నారు. మీరడిగింది మూడు: ఇది అవసరమా, రెండు ముక్కలెందుకు, ఫెయిలైతే ఏంటి.

నేను ప్లాస్టిక్ సర్జన్‌నే, యాక్సిడెంట్ కాళ్ళు, నోటి క్యాన్సర్ తర్వాత చేసే రిపేర్లు రెండూ చేస్తుంటాను. ఫోటో చూసి ఇక్కడ తీర్పు చెప్పను, ఆ గాయాన్ని గ్లవ్స్ వేసుకుని లోపలికంటా చూసింది మీ డాక్టర్లు. కానీ వాళ్ళు చెప్పిన ప్లాన్ వెనక లెక్కేంటో చెప్తాను, అది తెలిస్తే రేపు పొద్దున రౌండ్స్‌లో మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ముందు చర్మం అతికించడం సంగతి. తొడ మీద నుంచి పలచగా గీసి తీసే చర్మానికి సొంత రక్తసరఫరా ఉండదు. పెట్టిన చోట కింద నుంచి ఊరే నీటితో మొదటి ఒకటి రెండు రోజులు నెట్టుకొస్తుంది, ఆ తర్వాత కింద నుంచి సన్న నాళాలు లోపలికి పెరిగితేనే నిలబడుతుంది. కింద ఎర్రటి ఆరోగ్యమైన కండ ఉంటే బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, అలాంటి గాయానికి నేనైనా అదే చేస్తాను, పెద్ద ఆపరేషన్ జోలికి వెళ్ళను. కానీ పైపొర లేచిపోయిన ఎముక మీద, తొడుగు ఊడిపోయిన టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు) మీద, స్టీలు ప్లేటు మీద పెడితే దానికి అందేదేముంది? నల్లబడి ఊడొస్తుంది, ఈలోపు ఎముక ఎండి చచ్చిపోయి కూర్చుంటుంది, అప్పుడు ఇంకో రెండు సెంటీమీటర్లు కోసి తీసేయాల్సొస్తుంది. చర్మం వేస్ట్ అవడం పెద్ద విషయం కాదండీ, ఆ పోయిన రోజులే అసలు నష్టం.

ఇంకోటి, గాయం ఎక్కడుందన్నది కూడా చూడాలి. మోకాలి కింద భాగాన్ని మూడు వాటాలు చేసుకుని ఆలోచిస్తాం. పై వాటాలో ఎముక బయటపడితే పిక్కలో ఉండే గ్యాస్ట్రాక్నీమియస్ కండని తిప్పి కప్పేయొచ్చు, మధ్య వాటాకి దాని కిందుండే సోలియస్ కండ అందుతుంది, అదే కాల్లోంచి వస్తుంది కాబట్టి మైక్రోస్కోప్ పనే లేదు. కింది వాటాకి వచ్చేసరికి కండలన్నీ సన్నబడి టెండన్లు అయిపోతాయి, ఎముక మీద చర్మం తప్ప ఇంకేం ఉండదు, మీ కాలు మీరే ముట్టుకుని చూడండి తెలుస్తుంది. చిన్న గాయమైతే పక్క నుంచి చర్మాన్ని తిప్పి పెట్టే పద్ధతులున్నాయి, కానీ లారీ చక్రం ఎక్కిన కాల్లో ఆ పక్క చర్మం కూడా దెబ్బతినే ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, కొవ్వు పొర దగ్గర కింద నుంచి ఊడిపోయి ఉంటుంది, దాన్ని నమ్ముకుని తిప్పితే అదీ పోతుంది. అందుకే దెబ్బ తగలని చోట నుంచి, సొంత రక్తనాళంతో సహా తెచ్చి కాల్లో ఉన్న నాళానికి కుట్టడం. ఫ్రీ ఫ్లాప్ అంటే అంతే. ఇదేం నిన్నా మొన్నటి ప్రయోగం కాదు, 1973లోనే మెల్‌బోర్న్‌లో ఇయాన్ టేలర్, రోలిన్ డేనియల్ గజ్జ దగ్గర చర్మాన్ని ఇలా కాలికి మార్చారు, ఇప్పుడు అలవాటున్న టీముల్లో నూటికి 95కి పైగా బతుకుతాయి.

సరే, రెండు ముక్కలెందుకు అన్నది. ఇక్కడే చాలామంది పొరపడతారు, గాయం అంటే పైకి కనిపించే వైశాల్యం అనుకుంటారు. ఇలాంటి గాయానికి లోతు ఉంటుంది. విరిగిన ఎముక ముక్కలు తీసేశాక ఒక ఖాళీ, దాని వెనక చిరిగిన కండలు తీసేశాక ఇంకో సందు, ఆ పైన పోయిన చర్మం. పైన చర్మం ఒక్కటే కప్పేసి లోపల ఖాళీ అలా వదిలేస్తే అందులో రక్తం, నీరు చేరుతుంది, యాంటీబయాటిక్ అక్కడిదాకా వెళ్ళదు, మూడు వారాలకి కుట్ల పక్క నుంచి చీము కారడం మొదలవుతుంది. పైకి ఫ్లాప్ గులాబీ రంగులో నిగనిగలాడుతూనే ఉంటుంది, కింద ఎముక కుళ్ళుతుంటుంది. ఫ్లాప్ సక్సెస్, కాలు ఫెయిల్ అన్నమాట. ఆ ఖాళీని రక్తం బాగా ఆడే కండతో నింపితే ఆ సమస్య చాలావరకు తగ్గుతుంది, కండ మెత్తగా ఉంటుంది కాబట్టి ఏ సందులోకైనా దూరి ఆ ఆకారంలో సర్దుకుంటుంది. మరి కండ ఒక్కటే పెట్టొచ్చుగా అంటే పెట్టొచ్చు, పైన పలచటి చర్మం అతికించి చాలా ఏళ్ళు అలానే చేశారు, ఇప్పటికీ చేస్తారు. కానీ మీ తమ్ముడికి ఎముక అతుక్కోవడానికి మళ్ళీ అక్కడే తెరిచి ఎముక గ్రాఫ్ట్ పెట్టాల్సొచ్చే అవకాశం ఎక్కువ. అప్పుడు అంచు పట్టుకుని లేపడానికి, మళ్ళీ కుట్టడానికి అసలైన మందపాటి చర్మం ఉంటే పని ఎంత హాయిగా ఉంటుందో ఆర్థో డాక్టర్లని అడగండి. పలచటి చర్మం అతికించిన కండని లేపితే ఆ అంచు కుట్టుకి నిలవదు.

అంటే లోపలికి కండ, పైకి చర్మం. ఇది మూడు రకాలుగా తేవచ్చు. పాత పద్ధతి, చర్మం అంటుకునే ఉన్న కండని మొత్తం ఒకే దిమ్మలా కోసి తేవడం. చిక్కేంటంటే చర్మం కండ మీదే అతుక్కుని ఉంటుంది, ఖాళీ ఒక చోట, చర్మం పోయింది ఇంకో చోట అయితే రెండిటికీ సరిపెట్టలేం, పైగా బూటు కాదు కదా చెప్పు కూడా పట్టనంత లావుగా తయారవుతుంది. రెండో పద్ధతి, రెండు చోట్ల నుంచి రెండు ఫ్లాపులు విడివిడిగా. అప్పుడు కాల్లో కలపడానికి రెండు జతల నాళాలు కావాలి, మోకాలి కింద ఉండేవే మూడు పెద్ద ధమనులు, లారీ ఎక్కిన కాల్లో అందులో ఒకటో రెండో అప్పటికే పోయుండొచ్చు. మూడోది మీకు చెప్పింది, దీన్ని కైమెరిక్ ఫ్లాప్ అంటాం. ఒకే కొమ్మకి రెండు రెమ్మలున్నట్టు, మూలనాళం ఒకటే, దాని మీద ఒక కొమ్మ కండకి, ఇంకో కొమ్మ చర్మానికి, మధ్యలో వాటికవే విడిగా కదులుతాయి. కండని లోపలికి తోసి చర్మాన్ని నాలుగు సెంటీమీటర్లు పక్కకి తెచ్చి పరచొచ్చు, కాల్లో మాత్రం కుట్టేది ఒకే చోట. కైమెరిక్ అన్న పేరు 1990ల మొదట్లో అమెరికాలో హాలక్ అనే సర్జన్ వాడుకలోకి తెచ్చాడు, తొడ నుంచి ఇలా రకరకాల కలయికలు చేసి చూపించడంలో జపాన్‌కి చెందిన కోషిమా పేరు ముందు చెప్పుకోవాలి.

తొడనే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ రక్తనాళం అమరిక ఈ పనికి కుదిరినంతగా ఇంకెక్కడా కుదరదు అనిపిస్తుంది నాకు. నడుం పక్కన ముందుకి పొడుచుకొచ్చిన ఎముక కొన నుంచి మోకాలి చిప్ప బయటి అంచుదాకా పెన్నుతో ఒక గీత గీస్తాం, ఆ గీత మధ్య బిందువు చుట్టూ 3 సెం.మీ. వ్యాసార్థంతో ఒక వలయం, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పెన్ను పెట్టి వింటే చర్మంలోకి వచ్చే సన్న నాళాలు ఎక్కువసార్లు ఆ వలయంలోనే టుష్ టుష్‌మని వినిపిస్తాయి. లోపలి అంచు నుంచి కోసి రెండు తొడ కండల్ని, రెక్టస్ ఫీమోరిస్‌నీ వాస్టస్ లాటరాలిస్‌నీ, వేళ్ళతో విడదీస్తే మధ్య సందులో మూలనాళం తన సిరలతో సహా కిందికి దిగుతూ కనిపిస్తుంది. చర్మానికి వెళ్ళే సన్న కొమ్మ కొందరిలో నేరుగా ఆ సందులోంచి వస్తుంది, అది అదృష్టం, ఎక్కువమందిలో వాస్టస్ కండలోంచి దూరి వస్తుంది. అప్పుడు కండ పోగుల్ని ఒక్కోటీ విడదీస్తూ మిల్లీమీటరో అంతకంటే తక్కువో ఉండే నాళాన్ని బయటికి తీయాలి, పక్కకొచ్చే ప్రతి బుల్లి కొమ్మకీ క్లిప్పు పెట్టాలి, ఇక్కడ తొందరపడే మనిషి ఈ పనికి పనికిరాడు. అదే మూలనాళం మీద ఇంకొంచెం కిందో పైనో వాస్టస్ కండకి వెళ్ళే వేరే కొమ్మ ఉంటుంది, ఆ కొమ్మతో గాయంలోని ఖాళీకి ఎంత కావాలో అంతే కండ ముక్క తీస్తాం. చీలమండ వెనక అకిలిస్ టెండన్ కూడా పోయినవాళ్ళకి ఇక్కడి నుంచే ఫేషియా లాటా అనే గట్టి తెల్లటి పొరని కూడా కలిపి తెచ్చి టెండన్‌లా చుట్టి కుట్టొచ్చు.

ఇంకో సౌకర్యం, పేషెంట్ వెల్లకిలా పడుకునే ఉంటాడు, ఒక టీం తొడ దగ్గర ఫ్లాప్ తీస్తుంటే ఇంకో టీం కాలి దగ్గర నాళాల్ని రెడీ చేస్తుంది. తొడ దగ్గర చర్మం వెడల్పు 8 సెం.మీ. అటూ ఇటూ దాకా అయితే దగ్గరికి లాగి కుట్టేయొచ్చు, గీత మచ్చ మిగులుతుంది, తొడ బయటివైపు కొంచెం మొద్దుబారినట్టు ఉంటుంది. అంతకంటే వెడల్పు తీస్తే అక్కడ పలచటి చర్మం అతికించాలి, గ్రాఫ్ట్ అంటే అదే. నడక శక్తి తగ్గుతుందా అని అందరూ అడుగుతారు, తొడ ముందువైపు ఉండే క్వాడ్రిసెప్స్‌లో నాలుగు కండలుంటాయి, అందులో ఒకదాంట్లోంచి ముక్క తీస్తే రోజువారీ పనులకి తేడా పెద్దగా తెలియదు.

వీపు నుంచి ఎందుకు తీయడం లేదు అని మిమ్మల్నెవరైనా అడుగుతారేమో. చంక కింద సబ్‌స్కాపులర్ నాళం మీద ఇంకా పెద్ద సంసారమే ఉంది, వీపు మీది లాటిసిమస్ కండ, పక్కటెముకల మీది సెరాటస్ కండ, భుజం వెనక చర్మం, భుజపుటెముక అంచు, అన్నీ ఒకే మూలనాళం మీద వస్తాయి. గాయం బాగా పెద్దదైతే, చిన్న ఎముక ముక్క కూడా కావాలంటే అదే సరైంది. కానీ పేషెంట్‌ని పక్కకి తిప్పాలి, రెండు టీములు ఒకేసారి పని చేయడం కష్టం, ఇంకా ముఖ్యం ఏంటంటే మీ తమ్ముడు కొన్ని నెలలు చంకకర్రల మీదే బతకాలి, కర్ర మీద ఒంటి బరువు మోసే కండల్లో లాటిసిమస్ ఒకటి. దాన్ని తీసి చంకకర్రలు చేతికివ్వడం నాకైతే ఇష్టం ఉండదు, గతిలేనప్పుడు తప్ప. అదే 6 సెం.మీ. దాటి ఎముక పోతే ఇంకో దారి ఉంది, రెండో కాలి నుంచి ఫిబులా అనే సన్న ఎముకని చర్మంతో సహా తేవడం. నోటి క్యాన్సర్‌లో దవడకి పెట్టేదీ ఆ ఎముకే. గుట్కా, ఖైనీ వల్ల దవడ, బుగ్గ, బయటి చర్మం మూడూ పోయినవాళ్ళకి లోపలి గోడకొకటి, బయటి చర్మానికొకటి కావాలి, అక్కడ కూడా ఈ కలిపి తీసే ఫ్లాపులే ఆదుకుంటాయి. దాని గురించి రాయాలంటే ఇంకో రోజు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంతసేపూ ఫ్లాప్ గురించి చెప్పాను గానీ ఫలితాన్ని తేల్చేది ఎక్కువగా ఫ్లాప్ కాదు, దానికి ముందు చేసే కడుగుడు. రోడ్డు మట్టి, ప్యాంటు పీలికలు, గ్రీజు, చచ్చిన కండ, ఏదీ మిగలకూడదు. కండని ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే ముడుచుకోవాలి, కోస్తే ఎర్రగా రక్తం రావాలి, మట్టిరంగులో ఉండి గిల్లినా కదలకపోతే అది పోయినట్టే. ఎముక అంచుని గీకితే సన్న ఎర్ర చుక్కలు పైకి రావాలి, వచ్చేదాకా తీయాలి. తీసేటప్పుడు సర్జన్‌కి కూడా మనసు రాదు, అంత పెద్ద గుంట ఎలా కప్పాలిరా బాబూ అని, ఆ భయంతోనే సగం సగం కడుగుతారు. కప్పే దారి ఉందని తెలిసిన ప్లాస్టిక్ సర్జన్ మొదటి కడుగుడు అప్పుడే పక్కన ఉంటే ఆ భయం ఉండదు, ఎంత తీయాలో అంతా తీస్తారు. ఆర్థో, ప్లాస్టిక్ ఇద్దరూ కలిసి చూసే ఆసుపత్రి అని నేను పదే పదే అనేది అందుకే.

టైం గురించి మార్కో గోడినా అనే సర్జన్ లెక్కలు మా ఫీల్డ్‌లో అందరికీ కంఠతా ఉంటాయి. అప్పటి యుగోస్లావియాలో ల్యుబ్ల్యానా ఊళ్ళో పనిచేసేవాడు, 532 మంది పేషెంట్ల లెక్క 1986లో వచ్చింది, ఆ ఏడాదే ఆయన కారు ప్రమాదంలో పోయాడు. దెబ్బ తగిలిన 72 గంటల్లోపు కప్పినవాళ్ళలో ఫ్లాప్ ఫెయిలైంది నూటికి ఒకటి కూడా లేదు, 0.75 శాతం, 72 గంటలు దాటి 3 నెలల లోపు చేసినవాళ్ళలో 12 శాతం. ఇన్ఫెక్షన్ 1.5 శాతం నుంచి 17.5 శాతానికి పోయింది. ఈ లెక్క చూసి మీరు గుండె జారిపోకండి, మీకు నాలుగో రోజు వచ్చేసింది అని. అప్పటికి వాక్యూమ్ డ్రెస్సింగ్ లేదు, ఇప్పుడు బాగా కడిగి స్పాంజ్ పెట్టి మిషన్ తగిలిస్తే గాయం ఎండకుండా, బయటి క్రిములు చేరకుండా కొన్ని రోజులు ఆగుతుంది, వారం పది రోజుల్లోపు చేసినా మంచి ఫలితాలే వస్తున్నాయి. అయితే ఆ మిషన్ ఉంది కదా అని మూడు వారాలు స్పాంజులు మారుస్తూ కూర్చోవడం మాత్రం తప్పు. ఎముక అలా బయటే ఉంటుంది, నాళాల చుట్టూ వాపు గట్టిపడిపోతుంది, సూది దిగితే నాళం గోడ పెంకులా విరుగుతుంది. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కాళ్ళలో ఎక్కువ ఇలాంటివే, చూస్తే కోపం కంటే బాధ ఎక్కువ వస్తుంది.

అందుకే సీటీ యాంజియో చేశారా అని అడగండి. కాలికి ఎన్ని ధమనులు ఆడుతున్నాయో, దెబ్బ తిన్న ప్రాంతం ఎక్కడిదాకా ఉందో చూసుకుని దానికి పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కుట్టాలి. పాదానికి ఒకే ధమని మిగిలి ఉంటే దాన్ని కోసి కలపరు, దాని పక్క గోడకి చిన్న కన్నం చేసి ఫ్లాప్ నాళాన్ని అక్కడ కుడతారు, పాదానికి వెళ్ళే రక్తం ఆగదు. కుట్టే నాళం మందం సుమారు 2 మి.మీ., దారం తల వెంట్రుక కంటే సన్నం, మైక్రోస్కోప్ లేకుండా చూస్తే సూది ఉందో లేదో కూడా తెలియదు. ధమనికి ఒకటి, సిరలకి వీలైతే రెండు. పేషెంట్ల వాళ్ళు రక్తం వెళ్తోందా అనే అడుగుతారు, మాకు నిద్రపట్టనివ్వనిది మాత్రం వెళ్ళిన రక్తం తిరిగొస్తోందా అన్నది, సిరలే ఎక్కువసార్లు మూసుకుపోతాయి. క్లాంపు వదిలాక కండ అంచు నుంచి ఎర్రటి రక్తం, చర్మం అంచు నుంచి ఎర్రటి రక్తం, రెండూ విడివిడిగా చూసుకోవాలి. కైమెరిక్ ఫ్లాప్‌కి ఉన్న సొంత ప్రమాదం ఇదే, రెండు కొమ్మలూ విడిగా కదులుతాయి అన్న సుఖమే కష్టం కూడా, కండని లోపలికి తోసేటప్పుడు చర్మం కొమ్మ మెలిపడితే మూలనాళం బాగున్నా పై ముక్క పోతుంది.

మొదటి మూడు రాత్రులు ముఖ్యం. నాళాలు మూసుకుపోవడం అన్నది జరిగితే ఎక్కువగా ఆ 48 నుంచి 72 గంటల్లోనే. గంటగంటకీ ఎవరో ఒకరు వచ్చి ఫ్లాప్ రంగు చూడాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు మూడు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి, డాప్లర్‌తో వినాలి, అనుమానమొస్తే సూదితో గుచ్చాలి. పాలిపోయి చల్లబడి, గుచ్చినా రక్తం రాకపోతే ధమని. నీలంగా ఉబ్బి, గుచ్చితే ముదురు రక్తం బొటబొటా వస్తే సిర. మీకు నేను చెప్పేదల్లా ఒక్కటే, ఆసుపత్రిలో అర్ధరాత్రి రెండింటికి ఫ్లాప్ రంగు మారితే ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో థియేటర్ తెరుస్తారు అని అడగండి. తొందరగా మళ్ళీ తెరిచి గడ్డ తీసి కుడితే చాలా ఫ్లాపులు బతికి బయటపడతాయి, పొద్దున రౌండ్స్ దాకా ఆగితే బతకవు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్తున్నాం అంటే ఏదో తప్పు చేశారని గొడవకి దిగకండి దయచేసి, తీసుకెళ్ళే టీమే మంచి టీం.

ఇందులో ఒక మెలిక ఉంది. లోపల పెట్టిన కండ బయటికి కనపడదు, పై చర్మం ముక్కే దానికి కిటికీ అనుకుని చూస్తాం, మూలనాళం మూసుకుపోతే చర్మం చెప్పేస్తుంది. కానీ కండ కొమ్మ ఒక్కటే మూసుకుపోతే చర్మం బాగానే ఉంటుంది, లోపల కండ చచ్చిపోతుంది. జ్వరం తగ్గకపోవడం, డ్రెయిన్‌లోంచి వచ్చేది మురికిగా మారడం, వాసన, ఇవి చూసే పట్టుకోవాలి. ఫ్లాప్ రంగు బాగుంది కదా అని వీటిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఫెయిలైతే ఏంటి అన్నారు. మొత్తం పోతే దాన్ని తీసేస్తారు, గాయం మళ్ళీ మొదటికొస్తుంది, వీపు నుంచో రెండో తొడ నుంచో ఇంకో ఫ్లాప్ పెట్టొచ్చు, కాకపోతే ఎందుకు పోయిందో కారణం తెలియకుండా వెంటనే రెండోది పెట్టకూడదు. అంచు మాత్రమే పోతే డ్రెస్సింగ్‌తోనో చిన్న గ్రాఫ్ట్‌తోనో సర్దుకుంటుంది. మీ చేతిలో ఉన్నది సిగరెట్. తమ్ముడికి అలవాటుంటే ఈ నిమిషం నుంచి బంద్, ఖైనీ కూడా, నికోటిన్ నికోటినే. చూడ్డానికొచ్చే బంధువులు కూడా తాగొచ్చి మంచం పక్కన కూర్చోవద్దు. రూంలో ఏసీ చల్లగా పెట్టకండి, ఒళ్ళు చల్లబడితే నాళాలు ముడుచుకుంటాయి. నొప్పికి సరిగ్గా మందు ఇవ్వమనండి, నొప్పి కూడా అదే పని చేస్తుంది.

ఇక మీ మేనమామగారి మాట. ఆయన చెప్పింది కొట్టిపారేసే మాట కాదండి. కొన్ని కాళ్ళు నిలబెట్టకూడదు. పాదానికి రక్తం ఆగిపోయి గంటలు దాటిపోయినవి, కండలు నుజ్జైపోయినవి, వాటికి ఫ్లాపులు పెట్టి ఏడాదిన్నర ఆసుపత్రుల చుట్టూ తిప్పి చివరికి తీసేయడం క్రూరత్వమే. కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వాళ్ళు మన దేశపు గాయాలు చూసి ఒక స్కోరు తయారుచేశారు, చర్మం, ఎముక, కండ ఒక్కోదానికి మార్కులు, బీపీ పడిపోవడం, షుగర్ లాంటివాటికి అదనంగా మార్కులు. 14 లేదా అంతకంటే తక్కువ వస్తే నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు, 17 లేదా అంతకంటే ఎక్కువైతే తీసేయడమే మేలు, మధ్యలో వచ్చేవే తలనొప్పి, అక్కడ అనుభవం, ఇంటి పరిస్థితి అన్నీ చూడాలి. మీ తమ్ముడి స్కోరు ఎంత అని అడగండి, చాలామంది ఆర్థో డాక్టర్లకి ఇది తెలుసు. అమెరికాలో 569 మందిని రెండేళ్ళు ఫాలో చేసిన లీప్ స్టడీ 2002లో వచ్చింది, కాలు నిలబెట్టుకున్నవాళ్ళూ తీయించుకున్నవాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఉన్నారు, రెండు వైపులా సుమారు సగం మందే తిరిగి పనికెళ్ళారు, నిలబెట్టుకున్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరడం ఎక్కువ. అయితే అక్కడి లెక్క మనకి పూర్తిగా వర్తించదనే నా అభిప్రాయం. పొలం గట్ల మీద నడవాలి, బాసిపట్టు వేసుకుని కింద కూర్చుని తినాలి, కొన్నేళ్ళకోసారి కృత్రిమ కాలు మార్పించుకోవాలి, ఆ ఖర్చు 27 ఏళ్ళ వాడికి జీవితాంతం. జైపూర్ ఫుట్ ఈ అవసరాలకే పుట్టింది, నిజమే, మోకాలు మిగిలితే దాంతో బాగా నడుస్తారు కూడా. మీరు రాసినదాన్ని బట్టి పాదం వెచ్చగా ఉంది, అరికాల్లో స్పర్శ ఉంది, వేళ్ళు కదుపుతున్నాడు. ఇవన్నీ నిజమైతే నా తమ్ముడైనా నేను నిలబెట్టే ప్రయత్నమే చేయిస్తాను. ఏడాది పడుతుందని ముందే చెప్పి.

డబ్బు సంగతి. ప్యాకేజీ చెప్పేటప్పుడు అందులో మళ్ళీ తెరవాల్సొస్తే ఆ ఖర్చు కలిపారా లేదా అడిగి రాయించుకోండి, గొడవలన్నీ అక్కడే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్ వరకు వస్తుందో కౌంటర్‌లో ఆరోగ్యమిత్రని అడగండి. రోడ్డు ప్రమాదం కాబట్టి కేంద్రం 2025లో తెచ్చిన క్యాష్‌లెస్ పథకం కూడా ఉంది, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల్లోపు, లక్షన్నర దాకా. మీకు నాలుగు రోజులు అయిపోయాయి, ఈ రోజే పోలీసు కాగితాలు పట్టుకుని అడగండి.

తర్వాత ఏముంటుందో కూడా తెలిసుండాలి. మొదటి వారం కాలు ఎత్తులోనే, మంచం కిందికి వేలాడదీయనివ్వరు, ఆ తర్వాత ఐదు నిమిషాలు, పది నిమిషాలు అని మెల్లగా కిందికి దించడం అలవాటు చేస్తారు, దించినప్పుడు ఫ్లాప్ ముదురు రంగుకి మారితే కంగారు పడకండి, ఎత్తగానే మామూలుగా అయితే చాలు. కొన్ని వారాలకి ఆర్థో వాళ్ళు ఎముక పని మొదలుపెడతారు. ఆరు నెలల తర్వాత ఫ్లాప్ లావుగా ఉంటే కొవ్వు తీసి పలచన చేయొచ్చు, చిన్న ఆపరేషనే. ఫ్లాప్ చర్మంలో స్పర్శ ఉండదు లేదా చాలా తక్కువ, వేడినీళ్ళ సంచీలు, సైలెన్సర్, చెప్పు పట్టీ రాపిడి, ఇవేవీ వాడికి తెలియవు, రోజూ కళ్ళతో చూసుకోవాలి.

ఇంకొకటి, డిశ్చార్జ్ అప్పుడు సమ్మరీలో ఫ్లాప్‌ని ఏ ధమనికి కలిపారు, ఎండ్-టు-సైడా (నాళం పక్క గోడకి కుట్టారా) ఎండ్-టు-ఎండా (కోసి కొనకి కొన కలిపారా), మూలనాళం కాల్లో ఏ వైపు నుంచి వెళ్తోంది, ఇవి స్పష్టంగా రాయించుకోండి, వీలైతే చిన్న బొమ్మ గీయించుకోండి. ఎముక గ్రాఫ్ట్‌కో రాడ్డు మార్చడానికో రేపు ఇంకో ఊళ్ళో ఇంకో ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఆయన ఆ కాగితం చూసి రెండో వైపు నుంచి కోస్తాడు.